పోగు తెగితే మగ్గం మారుస్తామా?

తోటి విద్యార్థులారా, ఈ వ్యాసం కొంచెం కోపంగా ఉంటుంది. నాకు ఏ మనిషి మీదా కోపం లేదు. ఒక మాట మీద కోపం. "దీంట్లో నెట్టు రాదు, తీసేసి వేరేది వేయించండి" అనే మాట మీద.

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట వచ్చింది. మన కంప్యూటర్ గదిలో పది కంప్యూటర్లు ఉన్నాయి. అన్నింట్లో లినక్స్ ఉంది. అందులో ఆరింటికి ఇంటర్నెట్ రావడం లేదు. ఒక పెద్దాయన లేచి, "తలా రెండు వందలు వేసుకుందాము, బజారులో మనిషిని పిలిచి అన్నింట్లో విండోస్ వేయించేద్దాము" అన్నారు. చాలామంది తల ఊపినారు. మా నాయన కూడా ఊపినాడు.

ఇంటికి వచ్చినాక నాయనను అడిగినాను.

"నాయనా, నేసేటప్పుడు పోగు తెగితే ఏం చేస్తావు?"

"ఏం చేస్తారు పాపా, ఎక్కడ తెగిందో చూసి ముడి వేస్తారు."

"మగ్గం మార్చవా?"

నాయన నవ్వినాడు. "పోగు తెగినప్పుడల్లా మగ్గం మార్చేవాడు ఇంక లుంగీ నేసినట్టే!"

నేను చెప్పాలనుకున్నది ఇదే. గుడియాత్తంలో ఎన్ని ఇళ్ళలో మగ్గం ఆడుతుందో మీకందరికీ తెలుసు. వేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును వెతికి పట్టుకునే చేతులు మన ఇళ్ళలో ఉన్నాయి. అదే చేతులు కంప్యూటర్ ముందుకు వచ్చేసరికి ఎందుకు ముడుచుకుంటున్నాయి?

మరుసటి రోజు సైన్స్ సారును అడిగి, నేనూ నా స్నేహితురాలూ మధ్యాహ్నం భోజనం అయినాక కంప్యూటర్ గదికి పోయినాము. "ఉన్నది పాడు చేయకండమ్మా" అని సారు కూడా పక్కన కూర్చున్నారు. ముందు నాలుగో నంబరు కంప్యూటర్ వేసినాము. నిజం చెప్పాలంటే నేను కూడా అందరూ చేసేదే చేసినాను. వైరు పీకి మళ్ళీ పెట్టినాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినాను. మూడుసార్లు. రాలేదు. "లినక్స్ అంతే సార్" అని నా నోటి నుంచి కూడా వచ్చింది.

అప్పుడు సారు, "అది ఏదో చెప్తా ఉంది కదా, చదివినావా?" అన్నారు.

నెట్‌వర్క్ మొదలుపెట్టమన్నప్పుడల్లా తెర మీద ఒకే వాక్యం వస్తా ఉంది. ఇంగ్లీషులో నాలుగు మాటలు: 'క్యానాట్ ఫైండ్ డివైస్ ఈత్0'. అంటే ఈత్0 అనే పరికరం దొరకలేదని అర్థం. మూడుసార్లు అది నాకు చెప్పింది. మూడుసార్లు నేను చదవలేదు. ఇంగ్లీషు కనబడగానే నా కళ్ళు దాటి పోయినాయి. ఆ రోజు నాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసం రాయించింది.

ఇంతకీ ఈత్0 అంటే ఏమిటి? లినక్స్‌లో ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఒక పేరు ఉంటుంది. ఇంతకు ముందు కంప్యూటర్ మొదట ఏ కార్డును గుర్తిస్తే దానికి ఈత్0, తరవాత దానికి ఈత్1 అని పేరు పడేది. రెండు కార్డులు ఉన్న కంప్యూటర్లలో ఒక్కోసారి ఈ పేర్లు తారుమారు అయ్యేవి. అందుకని 2013లో, కార్డు ఏ స్థానంలో ఉందో దాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. డెబియన్ అనే లినక్స్‌లో 2017లో విడుదలైన 9వ వెర్షన్ నుంచి, కొత్తగా వేసిన కంప్యూటర్లలో ఇదే పద్ధతి నడుస్తోంది. మన నాలుగో నంబరులో కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0. ఈఎన్ అంటే ఈథర్నెట్, పీ2 అంటే రెండో నంబరు పీసీఐ బస్సు, ఎస్0 అంటే సున్నా నంబరు స్లాటు. వీధి పేరు, ఇంటి నంబరు మాదిరి.

మన ల్యాబులో ఆ మధ్య కొత్త వెర్షన్ వేసినారు. కానీ నెట్‌వర్క్ వివరాలు రాసి ఉండే 'ఇంటర్‌ఫేసెస్' అనే చిన్న ఫైలును మాత్రం పాతదే తెచ్చి పెట్టినారు. అందులో ఈత్0 అనే ఉంది. కార్డు పేరు మారింది, కాగితం మీద పాత పేరే ఉండిపోయింది. మన ఊరి పేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఎట్ల రాసినా, కింద 632602 అని పిన్‌కోడ్ ఉంటే ఉత్తరం వచ్చేస్తుంది. పోస్టుమ్యానుకు మనం తెలుసు. కంప్యూటరుకు ఆ దయ లేదు. ఒక్క అక్షరం తేడా వస్తే దాని లెక్కలో అది వేరే ఊరు.

సారు పాస్‌వర్డ్ కొట్టినారు. ముందు ఆ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకున్నాము. తరవాత ఈత్0 ఉన్న రెండు చోట్లా ఈఎన్‌పీ2ఎస్0 అని మార్చినాము. మళ్ళీ మొదలుపెట్టినాము. ఈసారి తప్పు చూపలేదు.

అయినా వెబ్‌సైటు తెరుచుకోలేదు! ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. మేము కూడా ఎత్తేసేవాళ్ళమే. సారు, "ఒక పోగు ముడి వేసినారు, ఇంకొకటి తెగి ఉందేమో చూడండి" అన్నారు. అప్పుడు కింది నుంచి పైకి ఒక్కొక్క మెట్టు చూసుకుంటూ పోయినాము. ఆ మెట్లు మీరూ గుర్తు పెట్టుకోండి.

మొదటి మెట్టు వైరు. కంప్యూటర్ వెనక వైరు పెట్టే చోట చిన్న లైటు వెలుగుతోందా? వెలగకపోతే తప్పు వైరులోనో, స్విచ్ డబ్బాలోనో, కార్డులోనో ఉంది. అక్కడే ఆగి చూడాలి. రెండో మెట్టు పేరు. 'ఐపీ లింక్' అని కొడితే కార్డుల పేర్లు వరసగా వస్తాయి. అందులో 'ఎల్‌ఓ' అని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి, దాని నంబరు 127.0.0.1. రెండోది మన కార్డు. అది నిద్రపోతోందా, మేలుకుని ఉందా అనేది కూడా అక్కడే తెలుస్తుంది. మూడో మెట్టు చిరునామా. 'ఐపీ అడ్రస్' అని కొడితే మన కంప్యూటర్ నంబరు కనబడుతుంది. మన ల్యాబులో అన్నీ 192.168.1తో మొదలవుతాయి. నాలుగో మెట్టు గుమ్మం. బయటికి పోయే దారి 192.168.1.1 దగ్గర ఉంది. 'పింగ్' అని కొట్టి ఆ నంబరు రాస్తే, అది "ఉన్నాను" అని జవాబు ఇవ్వాలి. ఐదో మెట్టు బయటి ప్రపంచం. 8.8.8.8 అనే నంబరుకు పింగ్ కొట్టినాము. ఇది గూగుల్ నడిపే సర్వర్ నంబరు. అక్కడి నుంచి కూడా జవాబు వచ్చింది. అంటే నెట్టు వస్తోంది! ఆరో మెట్టు పేర్లు. వెబ్‌సైటు పేరు రాసి పింగ్ కొడితే జవాబు లేదు.

తప్పు ఆరో మెట్టులో దొరికింది. వెబ్‌సైట్ల పేర్లను నంబర్లుగా మార్చి చెప్పే సర్వర్‌ను డీఎన్‌ఎస్ అంటారు. దాని నంబరు రాసి పెట్టే ఫైలు ఖాళీగా ఉంది. ఫోనులో కాంటాక్టులన్నీ పోయినట్టు. అవతలి మనిషి ఉన్నాడు, లైను ఉంది, నంబరు మాత్రం తెలియదు. ఒక్క వరస రాసినాము. నెట్టు వచ్చేసింది. మా స్నేహితురాలు అరిచిన అరుపుకు పక్క తరగతి టీచరమ్మ వచ్చి తొంగి చూసినారు.

రెండు మధ్యాహ్నాల్లో ఆరు కంప్యూటర్లూ చూసినాము. నాలుగింట్లో పేరు తప్పే. ఐదోదానికీ, నెట్టు వస్తున్న ఇంకొకదానికీ ఒకే చిరునామా ఇచ్చి ఉన్నారు. రెండిళ్ళకు ఒకే డోర్ నంబరు పెడితే ఉత్తరాలు ఎట్ల వస్తాయి? ఆరోదాని వైరును ఎలుక కొరికింది. దాంట్లో విండోస్ వేసినా ఎలుక కొరికిన వైరు అతుక్కోదు కదా! కొత్త వైరుకు సారు సొంత డబ్బు పెట్టినారు. మొత్తం ఖర్చు అంతే.

ఇప్పుడు పెద్దలు చెప్పే మాటలకు జవాబు చెప్తాను. ఎదురు చెప్తున్నానని అనుకోవద్దు.

మొదటి మాట: "విండోస్ అయితే ఈ బాధ ఉండదు." ఉంటుంది. వైరు, చిరునామా, గుమ్మం, డీఎన్‌ఎస్ అన్నీ విండోస్‌కూ అవే. విండోస్‌లో చిరునామా ఇచ్చేవాళ్ళు దొరకకపోతే అది 169.254తో మొదలయ్యే నంబరును తనకు తానే పెట్టుకుని కూర్చుంటుంది. అప్పుడూ నెట్టు రాదు. అప్పుడూ ఇవే మెట్లు ఎక్కాలి. ఇంకొక సంగతి. విండోస్ లైసెన్సు నిజంగా కొంటే ఒక్కో కంప్యూటరుకు వేలల్లో అవుతుంది. తక్కువ డబ్బుకు బజారులో వేసి ఇచ్చేది దొంగ కాపీ. అట్లాంటిది తెలిసి వాడడం మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నేరం. నీతి పద్యాలు నేర్పే బడిలో దొంగ కాపీ పెడదామా?

రెండో మాట: "లినక్స్ ఎక్కడా పనికి రాదు, ఎవరూ వాడరు." మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే మీరు రోజూ లినక్స్ మీదే ఉన్నారు. ఆండ్రాయిడ్ లోపల ఉన్న కెర్నల్ లినక్సే. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్సే. దీన్ని 1991లో ఫిన్లాండ్‌లో మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పుడు కాలేజీ విద్యార్థి, వయసు 21.

మూడో మాట: "లినక్స్‌లో కొన్ని వైఫై కార్డులు పని చేయవు." ఇది నిజం, ఒప్పుకుంటాను. కొన్ని కంపెనీలు తమ వైఫై కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛగా ఇవ్వవు. డెబియన్ వాళ్ళు అట్లాంటిది తమ అసలు ఇన్‌స్టలేషన్ డిస్కులో చాలాకాలం పెట్టలేదు. 2022లో ఓటు వేసి మార్చుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అది కూడా వస్తోంది. లోపం ఉంటే లోపం అందాము. కానీ మన ల్యాబులో ఉన్నది వైఫై కాదు, వైరు.

నాలుగో మాట నాకు బాగా బాధ కలిగించేది: "తెలుగు మీడియం పిల్లలకు ఇవన్నీ ఎందుకు, టైపింగ్ వస్తే చాలు."

దీనికి మా అక్క కథ చెప్తాను. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. చాలా ల్యాప్‌టాపుల్లో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా ఉండేది. ఈ బాస్‌ను తయారు చేసింది బయటి దేశం వాళ్ళు కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నైలో తయారు చేసింది. 2007లో మొదటిసారి విడుదల చేసినారు. అది డెబియన్ మీద కట్టింది, తెలుగుతో సహా మన భాషలు అందులో ఉన్నాయి. మా అక్కకు ప్లస్ టూలో ఆ ల్యాప్‌టాప్ వచ్చింది. ఇంట్లో బాస్‌లో వైఫై తగలలేదు. అంగడికి తీసుకుపోతే, "ఇది వేస్టు" అని బాస్‌ను చెరిపేసి ఐదు వందలు తీసుకున్నారు. వైఫై ఎందుకు తగలలేదో ఆయనా చూడలేదు, మేమూ అడగలేదు. తరవాత అక్క వేలూరులో కాలేజీకి పోయింది. రెండో సంవత్సరంలో లినక్స్ ఒక పేపరుగా వచ్చింది. మళ్ళీ అదే అంగడికి పోయి, మళ్ళీ డబ్బు ఇచ్చి, లినక్స్ వేయించుకుంది! ఊరికే వచ్చినదాన్ని డబ్బు ఇచ్చి పోగొట్టుకుని, మళ్ళీ డబ్బు ఇచ్చి తెచ్చుకున్నాము. తనతో చదివే పిల్లలు కమాండ్లు కొడతా ఉంటే తాను మొదటి నెల అంతా భయపడిందని అక్క చెప్పింది.

వాళ్ళకున్న తెలివి మా అక్కకు లేకపోలేదు. తెర మీద తప్పు కనబడితే చదవాలి అని ఎవరూ మాకు చెప్పలేదు. "అది మనకు కాదు" అని మాత్రం అందరూ చెప్పినారు. తెలుగు మీడియంలో పిల్లలు తగ్గిపోతున్నారని పెద్దలు బాధపడతారు. ఇంగ్లీషు మీడియంకు మార్చేవాళ్ళు "అక్కడ కంప్యూటర్ బాగా చెప్తారు" అంటారు. మరి మన దగ్గర ఉన్న కంప్యూటర్లనే తెరిచి చూడకపోతే వాళ్ళ మాటను మనమే నిజం చేసినట్టు కాదా?

పక్క రాష్ట్రం కేరళను చూడండి. అక్కడ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్ళుగా లినక్స్ వాడుతున్నారు. ఐటీ@స్కూల్ అనే ప్రాజెక్టు 2017లో కైట్ అనే సంస్థగా మారింది. 2018లో హైస్కూళ్ళలో 'లిటిల్ కైట్స్' అనే విద్యార్థి క్లబ్బులు మొదలైనాయి. అందులో పిల్లలకు యానిమేషన్, హార్డ్‌వేర్, సైబర్ భద్రత నేర్పుతారు. వాటితో పాటు మలయాళంలో కంప్యూటర్ వాడడం కూడా నేర్పుతారు. వాళ్ళకు మాతృభాష అడ్డం కాలేదు.

మన భాషకు కూడా దారి ఉంది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' అనే సంస్థ వాళ్ళు తెలుగులోనే లినక్స్ తయారు చేసినారు. మెనూలు తెలుగులో వస్తాయి. ఇదెట్ల కుదిరింది? లినక్స్ లోపలి రాత అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి, ఏ ఊరివాళ్ళైనా కూర్చుని తమ భాషలోకి మార్చుకోవచ్చు. ఎవరినీ బతిమాలుకోనక్కర లేదు. తమిళనాడులో తెలుగు చదవడానికి ప్రతిదానికీ అర్జీ పెట్టుకునే మనకు దీని విలువ తెలియాలి.

కాబట్టి పాఠశాల పెద్దలను మూడు అడుగుతున్నాను. ఒకటి, ల్యాబులో లినక్స్‌ను తీసేయవద్దు. రెండు, ప్రతి కంప్యూటర్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. దాంట్లో ఆ కంప్యూటర్ కార్డు పేరు, చిరునామా, గుమ్మం నంబరు, ఏ తేదీన ఎవరు ఏం మార్చినారు అన్నీ రాసి ఉండాలి. అది ఉండి ఉంటే రెండింటికి ఒకే చిరునామా పడేది కాదు. మూడు, ఎనిమిది నుంచి పది వరకు ప్రతి తరగతిలో ఇద్దరికి ఈ పని నేర్పి అప్పగించండి. అందులో ఒకరు తప్పకుండా అమ్మాయి అయి ఉండాలి.

తోటి విద్యార్థులకు నా వంతుగా ఒక పటం రాసి ల్యాబు గోడ మీద అంటించినాను. ఇంగ్లీషులో వచ్చే తప్పులకు తెలుగు అర్థాలు అందులో ఉన్నాయి. 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అని వస్తే, బయటికి పోయే దారి రాయలేదని. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వస్తే, దారి ఉంది, అవతలి నుంచి పలుకు లేదని. 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అని వస్తే, పేరుకు నంబరు చెప్పేవాళ్ళు దొరకలేదని. ఇంకా ఏవైనా కొత్తవి వస్తే మీరే కింద రాయండి. ఖాళీ వదిలినాను.

మన గుడియాత్తం నుంచే 1954లో కామరాజ్ గారు శాసనసభకు ఎన్నికైనారు. ముఖ్యమంత్రిగా ఊరూరా బడులు తెరిపించినారు, మధ్యాహ్నం అన్నం పెట్టించినారు. పేద పిల్లలకు చదువు ఎందుకని ఆయన అనుకోలేదు. మరి తెలుగు పిల్లలకు ఇవన్నీ ఎందుకని మనం ఎట్ల అనుకోవచ్చు?

ఈ వ్యాసం రాసి ముందు నాయనకు చదివి వినిపించినాను. అంతా విని, "ఈసారి సమావేశంలో నేను తల ఊపను, లేచి మాట్లాడతాను" అన్నాడు. మీరు కూడా మాట్లాడండి. దానికి ముందు ఒక్కసారి తెర మీద ఏముందో చదవండి.